కువైట్ తస్బీ

మా ఫుప్పు పోయింది. రేపల్లె బస్టాండ్‌లో చీరల మూట ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుని, కళ్ళు తిరుగుతున్నాయని పక్కనున్నావిడను మంచినీళ్ళు అడిగిందట. ఆవిడ సోడా కొట్టు దాకా వెళ్ళి గ్లాసు తెచ్చేలోపే అయిపోయింది. తెనాలిలో మా ఇంటికి ఫోన్ చేసింది ఆ సోడా కొట్టు ఆయనే. ఫుప్పు అంటే మేనత్త, మా అబ్బాకు ఒక్కగానొక్క చెల్లెలు.

ఆ రోజు నుంచి పరామర్శకు వచ్చినవాళ్ళంతా రెండు మాటలు చెప్పి వెళ్తున్నారు. ఫుప్పు మహా భక్తురాలట, భర్త పోయాక ఇద్దత్ రోజులన్నీ తస్బీ, అంటే జపమాల, చేతిలోంచి దించలేదట. నేనేమో మహా ఓర్పు గల పిల్లనట, ఆ రోజులన్నీ ఆమె పక్కన కదలకుండా కూర్చున్నానట. ఈ రెండో మాట చెప్పేటప్పుడు మా అమ్మీ నా తల నిమురుతుంది. నాకు ఒళ్ళు మండిపోతుంది. టీ చల్లారేదాకా ఆగలేక రోజూ నాలుక కాల్చుకునేదాన్ని నేను. క్లాసులో కూర్చోలేక కిటికీ పక్క బెంచీ కోసం కొట్లాడినదాన్ని. కన్నవాళ్ళు ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో నన్ను చూస్తూ కూడా, నాలో లేని ఒకే ఒక్క గుణాన్ని వెతికి పట్టుకుని దానికే మెచ్చుకుంటున్నారు.

ఫుప్పును కూడా అలాగే తప్పుగా చదివి పూడ్చిపెట్టారు. అందుకని ఇది రాస్తున్నాను.

మాలో భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పైచిలుకు ఇల్లు దాటకూడదు. అదే ఇద్దత్. నిరుడు ఆమె భర్త, మా ఫుప్పా, పోయినప్పుడు ఫుప్పు రేపల్లెలో తన ఇంట్లో ఇద్దత్ కూర్చుంది. కూర్చుంది అని రాయడానికే నాకు నవ్వొస్తోంది. ఆ మనిషి కూర్చోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు. చీరాల వెళ్ళి మగ్గం చీరలు తెచ్చేది, మూట కట్టుకుని పల్లెల బస్సెక్కేది. పెనుమూడిలో ఒక రోజు, జంపనిలో ఒక రోజు. అన్నం కూడా వంటింటి గుమ్మంలో నిలబడే తినేది. పిల్లల్లేరు. ఫుప్పా నెమ్మదస్తుడు, బియ్యం మిల్లులో గుమాస్తా. ఆయన కూర్చుంటే ఈమె తిరిగేది, ఇద్దరికీ సరిపోయింది.

ఆమెకు తోడు ఎవరుండాలన్న మాట వచ్చినప్పుడు ఇంట్లో అందరి కళ్ళూ నా వైపు తిరిగాయి. బాపట్లలో డిగ్రీ పూర్తి చేసి వచ్చి తెనాలిలో ఖాళీగా ఉన్నాను. ఖాళీ అన్నది వాళ్ళ మాట. పేపర్లో పడిన ప్రతి ఉద్యోగానికీ నేను దరఖాస్తులు పెట్టుకుంటున్న సంగతి వాళ్ళ లెక్కలోకి రాలేదు. బట్టల సంచితో రేపల్లె బండెక్కించారు. ఆ లైను రేపల్లెలో ఆగిపోతుంది, అక్కడినుంచి ముందుకు పట్టాలు లేవు. బండి దిగగానే నాకు తట్టిన మొదటి సంగతి అదే.

మొదటి వారం ఫుప్పు ఏడవలేదు, తిరిగింది. వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి ముందు గదిలోకి. తలుపు దాకా వచ్చి, గడప చూసి, వెనక్కి మళ్ళేది. ఐదు పూటలా నమాజు చదివేది, ఖురాన్ తెరిచి కాసేపు కూర్చునేది. అది ఎవరి కోసమో చేసింది కాదు, ఆమెకు నిజంగా ఉన్నదే. కానీ రోజు చాలా పెద్దది. నమాజుకూ నమాజుకూ మధ్య ఎంత మిగిలిపోతుందో గడప దాటకూడని మనిషికే తెలుస్తుంది. బీరువాలో చీరలన్నీ తీసి మళ్ళీ మడతలు పెట్టేది. బస్సు హారన్ వినపడితే ఏ ఊరి బస్సో చెప్పేది. నేను ఆమెను చూస్తూ నా గోళ్ళు కొరుక్కునేదాన్ని. ఒకే గదిలో ఇద్దరు కూర్చోలేని మనుషులు.

నా సంచిలో ఒక గేమ్ ఉంది. కువైట్‌లో పని చేసే మా అన్న తన కూతురికి తెచ్చాడు. పుస్తకంలా మడత తెరిస్తే పైన ఒక తెర, కింద ఒక తెర. కింది తెర మీద చిన్న పుల్లతో తాకి ఆడాలి. దానితో వచ్చిన ఆట ఒక్కటే. ఎవరిదో పెద్ద బంగళా బొమ్మ వస్తుంది, గది నిండా సామాన్లు. పైన కొన్ని వస్తువుల పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. గొడుగు, తాళంచెవి, చెంచా. ఆ గందరగోళంలో అవి ఎక్కడ దాక్కున్నాయో కనిపెట్టి తాకాలి. పరుగులూ తుపాకులూ లేని ఆట అని మా అన్న కూతురు రెండో రోజే విసిరేసింది. నేను తీసుకున్నాను.

ఒక మధ్యాహ్నం నేను ఆడుకుంటుంటే ఫుప్పు భుజం మీదుగా తొంగి చూసింది.

“ఏంటే అది? ఎవరిల్లు?”

ఎవరిదో దొరల ఇల్లని చెప్పాను.

“ఇంత చెత్త పెట్టుకుని ఎలా బతుకుతున్నారే? ఆ ఇంట్లో కోడలు లేదా?”

ఇంట్లో ఎవరూ లేరని, మనుషులు మాయమైపోయారని, ఏం జరిగిందో కనిపెట్టడానికి ఒక డిటెక్టివ్ వచ్చాడని, మనమే ఆ డిటెక్టివ్ అని కథ చెప్పాను. ఆమె చాప మీద నా పక్కన చతికిలబడింది. గొడుగు ఎక్కడుందో నేను వెతుకుతుండగానే ఆమె వేలు తెర మీద వాలింది. కర్టెన్ మడతల్లో ముడిచిన గొడుగు నిలువుగా నిలబడి ఉంది.

ఆ తర్వాత అది మా పని అయిపోయింది. నేను పేరు చదివి తెలుగులో చెప్పడం, ఇద్దరం వెతకడం, ముందు చూసినవాళ్ళు పుల్ల లాక్కోవడం. పుల్ల ఆమె చేతికొస్తే కష్టం. తొందర ఎక్కువ. దొరికిందనుకుంటే చాలు టకటకా పొడిచేసేది. ఊరికే అన్నిచోట్లా తాకితే ఆట ఊరుకోదు, టైము కోసేస్తుంది. “చూస్తున్నాం కదా, అంతలోకే కోపమేంటి ఈ దరోగాకి?” అనేది. ఆటలో ఆ డిటెక్టివ్‌కు ఆమె పెట్టిన పేరు దరోగా, అంటే పోలీసు అధికారి. మరీ దొరకకపోతే హింట్ అడగొచ్చు, ఒక మెరుపు వచ్చి వస్తువును చూపిస్తుంది. నేను హింట్ వైపు వెళ్తే నా చెయ్యి మీద కొట్టేది. “అడిగి చూస్తే చూసినట్టు కాదే. కళ్ళు పెట్టు.” నేను పెట్టేదాన్ని. కొన్నిసార్లు ఆమె గెలిచేది, కొన్నిసార్లు నేను. ఓడిపోతే ఆమె ముఖం ముడుచుకుని లేచి వెళ్ళి గిన్నెలు చప్పుడు చేసేది. కాసేపటికి వచ్చి, “ఏది, ఇంకో గది తియ్” అనేది.

బయటినుంచి చూసేవాళ్ళకు మేము తలలు వంచుకుని, మాటా పలుకూ లేకుండా, కదలకుండా కూర్చున్నట్టే కనపడి ఉంటాం. లోపల మాత్రం మా కళ్ళు ఆ బంగళా అంతా పరుగులు పెట్టేవి. మా ఇద్దరి బతుకుల్లో మేము అంత స్థిరంగా కూర్చున్నది అప్పుడే. అంత ఎక్కువ తిరిగింది కూడా అప్పుడే.

ఇక తస్బీ సంగతి. జపమాలకు బదులు మిషన్ తస్బీలు అప్పట్లో మా వాళ్ళలో కొత్త మోజు. చేతిలో పట్టుకుని మీట నొక్కితే టిక్కుమని అంకె పెరుగుతుంది. హజ్ వెళ్ళొచ్చినవాళ్ళు, గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళు తెచ్చి పంచేవారు. బాపట్ల నుంచి బడీమా వచ్చింది ఒక రోజు. బడీమా అంటే మా పెదనాన్న భార్య, ఫుప్పుకు పెద్ద వదిన. ఆవిడ చెప్పులు విప్పే చప్పుడు వినగానే ఫుప్పు గేమ్ మడిచి దుపట్టా కింద పెట్టింది. కానీ మడిచేముందు తాకిన తాకుడుకు అది టిక్ టిక్ మంది. దుపట్టా అంచులోంచి పచ్చ దీపం ఒకటి వెలుగుతూనే ఉంది.

బడీమా కూర్చుని, కళ్ళు తుడుచుకుని, ఆ వెలుగు వంక చూసి మెల్లగా అడిగింది.

“కువైట్ తస్బీనా?”

ఫుప్పు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. “కువైట్‌దే భాభీ. మనవాడు తెచ్చాడు.”

అందులో అబద్ధం ఏముంది చెప్పండి. బడీమా నిట్టూర్చింది. పొద్దస్తమానం జిక్ర్‌లో, అల్లా స్మరణలో, ఉంటున్నావా తల్లీ అంది. ఫుప్పు తల దించుకుంది. నేను పెదవి కొరుక్కుని వంటింట్లోకి పారిపోయాను. వెళ్ళేటప్పుడు బడీమా నా గడ్డం పట్టుకుని, ఈ వయసులో ఇంత ఓర్పు ఎవరికుంది, పిల్లంటే ఇలా ఉండాలి అని దీవించింది. అదిగో, అక్కడ మొదలైంది నా ఓర్పు. బాపట్లలో మొదలై, తెనాలికి పాకి, చుట్టాలందరిళ్ళలో స్థిరపడింది. తనకూ అలాంటిదే కావాలని బడీమా మా అన్నకు ఫోన్ చేయించింది. అన్న నిజం తస్బీ మిషనే పంపాడు. ఇందులో అంకెలే ఉన్నాయి, ఫుప్పు దానిలా దీపం రాదేంటని ఆవిడ చాన్నాళ్ళు గొణుక్కుంది.

ఆవిడ వెళ్ళాక మేము నవ్విన నవ్వు ఇద్దత్ ఇంట్లో నవ్వదగ్గది కాదు. నవ్వు ఆగాక ఫుప్పు మాత్రం తల అడ్డంగా ఊపింది.

“నిన్ను మెచ్చుకున్నారు, జాగ్రత్త. వీళ్ళు మెచ్చుకున్నారంటే ఇంకేదో పని నీ నెత్తిన పెట్టబోతున్నారని.”

నాకు అప్పుడు అంతగా పట్టలేదు. నాకు విసుగ్గా ఉంది. ఆ మధ్యలో ఒక రోజు ఆమె మీద అరిచాను కూడా. ఉప్పు తక్కువైందనో ఏదో అంది. నేను కంచం నెట్టేసి, నేనేం ఇద్దత్‌లో లేను, నన్నెందుకు కట్టేశారని అడిగాను. ఆమె కోప్పడలేదు. కాసేపు ఆలోచించి బీరువా తెరిచి నాలుగైదు చీరలు తీసి మూట కట్టింది. పెనుమూడిలో ఫలానా రైతు ఇంట్లో పిల్ల పెళ్ళి ఉందని, చీరలు తెస్తానని మాట ఇచ్చానని, నువ్వు వెళ్ళి చూపించి రమ్మని మూట నా చేతుల్లో పెట్టింది.

“ఇంట్లో తెలిస్తే?” అన్నాను.

“నువ్వు నా పక్కనే ఉన్నావు. నేనే తిరిగొస్తున్నాను. పో, బస్సు పోద్ది.”

అలా నేను తిరగడం నేర్చుకున్నాను. పెనుమూడిలో ఆ పెళ్ళివారి గుమ్మం ముందు నిలబడి మూటను ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాను. ఆ ఇంటావిడ నన్ను చూసి, మా చీరలామె మేనకోడలివా అమ్మా, లోపలికి రా, ఆమె ఎలా ఉందని మంచం వాల్చింది. చీరలు చూడటానికి ముందు ఫుప్పా గురించి అడిగి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కనకాంబరం రంగుది తీసుకుంది. తర్వాత జంపని వెళ్ళాను, ఇంకా లోపలి ఊళ్ళకు వెళ్ళాను. తెలియని ఇళ్ళలోకి వెళ్ళి తెలియని మనుషులతో మాట్లాడి బయటికొస్తుంటే, నా లోపల ఎప్పుడూ గిరగిరా తిరిగే చక్రం ఏదో నేల మీద ఆనినట్టు ఉండేది.

తిరిగొచ్చాక ఫుప్పు వదిలేది కాదు. అమ్మిన చీరల గురించి తర్వాత అడిగేది. ముందు ఏం చూశావో చెప్పమనేది. కృష్ణ ఒడ్డున నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయి, ఆ పెంకుటింటావిడ అరుగు మీద ఏం ఆరబోసింది, వరి ఏ రంగులో ఉంది, బస్సులో నీ పక్కన ఎవరు కూర్చున్నారు. ఏదో ఒకటి చెబితే పట్టేసేది. “ఊరికే చెప్తున్నావ్. చూడలేదు నువ్వు.” దాంతో మర్నాడు నేను నిజంగా చూసి వచ్చేదాన్ని. గేమ్‌లో నేను పేర్లు చదివితే ఆమె వెతికేది. ఊళ్ళ విషయంలో ఆమె పేర్లు చెప్పేది, నేను వెతుక్కుని తెచ్చేదాన్ని.

ఆటలో చివరికి ఒక రైల్వే స్టేషన్ వచ్చింది. ప్లాట్‌ఫాం నిండా పెట్టెలు, పంజరాలు, పూలబుట్టలు, వెనక పొగ వదులుతున్న ఇంజను. అన్నీ దొరికాయి, టికెట్ ఒక్కటి మిగిలింది. అది గడియారం ముల్లు వెనక నక్కి ఉండటం ఇద్దరం ఒకేసారి చూశాం. నేను పుల్ల ఎత్తాను. ఫుప్పు నా మణికట్టు పట్టుకుంది.

“ఉండనీ.”

అదొక్కటి తాకితే అయిపోతుంది కదా అన్నాను.

“అయిపోతే మళ్ళీ ఆ బంగళాలోకి తోస్తాడు. ఇక్కడే ఉందాం కాసేపు. బండి ఉంది, జనం తిరిగే చోటు.”

అప్పుడే బయట రేపల్లె స్టేషన్‌లో తెనాలి బండి కూత వేసింది. ఆమె తల తిప్పలేదు, తెర మీది ఇంజనునే చూస్తూ కూర్చుంది. ఆ రోజు ఆమె మొదటిసారి ఏడ్చింది. ఫుప్పా కోసమో, బండి కోసమో నేను అడగలేదు. టైము అయిపోయి ఆట దానంతటదే ఆగిపోయింది. తర్వాత ఎన్నిసార్లు ఆడినా స్టేషన్ దగ్గరికి వచ్చేసరికి మేము టికెట్ ముట్టుకోలేదు.

నాకు సర్వే ఉద్యోగం సంగతి చెప్పింది ఫుప్పే. చీరలు చుట్టి వచ్చిన పాత పేపర్లో ప్రకటన చూసి, ఊళ్ళు తిరిగి ఇంటింటికీ వెళ్ళి వివరాలు రాసుకోవాలట, నీకోసమే వేసినట్టుందని నా ముందుకు తోసింది. ఆ ప్రకటనకు గడువు దాటిపోయింది, కానీ అలాంటి పనులు ఉంటాయని తెలిసింది. ఆ తర్వాత అవే వెతుక్కున్నాను. ఫుప్పు పోవడానికి కొద్ది రోజుల ముందు గుంటూరులో ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. వెళ్ళొచ్చాను. ఏమడిగారని ఆమె ఫోన్‌లో గుచ్చి గుచ్చి అడిగింది. పని వచ్చిందన్న ఉత్తరం మాత్రం ఆమె పోయాక వచ్చింది. ఒంగోలులో చేరాలి.

మొన్న తెనాలిలో ఫుప్పు చాలీస్వాఁ, అంటే నలభయ్యో రోజు, జరిగింది. ఫాతెహా ప్రార్థన అయ్యాక, అందరూ తిన్నాక, బడీమా అందరి ముందూ నన్ను దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుంది. ఫుప్పును చూసుకున్నట్టు ఎవరు చూసుకుంటారు, ఇంత ఓర్పు గల పిల్ల మన ఇంట్లో ఉండటం అదృష్టం అంది. పెదనాన్నకు పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నాడు. తన వల్ల కావడం లేదంది. పిల్ల నాతో బాపట్ల వస్తుంది, ఆయనకు నయమయ్యేదాకా ఉంటుందని మా అబ్బా వైపు చూసింది. అబ్బా తలూపాడు. నన్ను ఎవరూ అడగలేదు. ఓర్పు గలవాళ్ళను అడగక్కర్లేదు కదా.

నేను లోపలికి వెళ్ళి గేమ్ తెచ్చి ఆవిడ ముందు తెరిచాను. ఆట పాట మోగింది, బంగళా బొమ్మ వచ్చింది.

“ఇదీ ఫుప్పు తస్బీ,” అన్నాను. “ఇద్దరం ఆడుకునేవాళ్ళం. నేను ఆమె పక్కన కూర్చుంది తక్కువ. చీరల మూటతో ఊళ్ళు తిరిగాను. నాకు ఓర్పు లేదు బడీమా.”

నేను ఎంతమందితో చెప్పానే, అంది బడీమా చాలా చిన్న గొంతుతో. అబ్బా గేమ్‌ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన ముఖంలో కోపం కోసం చూశాను. “కూర్చోబెడితే కూర్చుంటుందనుకున్నాం,” అన్నాడు ఆయన, గేమ్‌తోనే చెబుతున్నట్టు. “చిన్నప్పుడే కూర్చోలేదు నా చెల్లెలు.” ఆయన కళ్ళు తడిశాయి. ఇక అయిపోయింది, నన్నూ చూశారు అనుకున్నాను.

కానీ ఆయన గేమ్ మూసి నాకిచ్చేసి, సరే, బట్టలు సర్దుకో, సోమవారం బడీమాతో బయల్దేరు అన్నాడు.

బడీమాను నేను చూశాను. చూడకుండా రాస్తే ఫుప్పు ఒప్పుకోదు. ఆవిడ చేతులు డెట్టాల్ నీళ్ళకు నానిపోయి, వేళ్ళ సందుల్లో పగిలి ఉన్నాయి. లేచేటప్పుడు నడుము పట్టుకుని లేస్తోంది. ఆవిడకు సాయం కావాలి, అది నిజం. ఆవిడకు ఇద్దరు కొడుకులు అదే వీధిలో ఉన్నారు, అదీ నిజం. వాళ్ళ ఓర్పు గురించి ఆ గదిలో ఎవరూ ఏమీ అనలేదు.

ఫుప్పు ఇద్దత్ ముగిసిన ఉదయం గుర్తొస్తోంది. ఆమెకు కొత్త చీర పెట్టడానికి మావాళ్ళంతా తెనాలి నుంచి వస్తున్నారు. ఆమె తెల్లారగట్ల నమాజు చదివి, నన్ను లేపి, పద అంది. మూట తీసుకోలేదు. బస్టాండ్‌లో పెనుమూడి మీదుగా వంతెన దాటి పోయే మొదటి బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుంది. ఎక్కడిదాకా అని కండక్టర్ అడిగితే, “ఎక్కడిదాకా పోద్ది నాయనా?” అంది. బస్సు వంతెన మీదికి వచ్చింది. అటూ ఇటూ కృష్ణ, ఇసుక తిన్నెలు, పొద్దు ఇంకా పూర్తిగా రాలేదు. ఆమె కిటికీ ఊచల్లోంచి చెయ్యి మోచేతి దాకా బయటికి పెట్టింది. చెయ్యి లోపల పెట్టమ్మా అని కండక్టర్ కేకేశాడు. ఆమె పెట్టలేదు. వంతెన ఉన్నంతసేపూ ఆ చెయ్యి గాల్లో అలాగే ఉంది, వేళ్ళు విడిగా తెరిచి.

సోమవారం నేను ఒంగోలు వెళ్తున్నాను. బాపట్ల వెళ్ళను. ఇంట్లో చెప్పాను.